తలుపు వెనక పార

మా పాత బడిలో ల్యాబు అటెండరుగా పనిచేసిన పెద్దాయన పోయారని కర్నూలు నుంచి కార్డు వచ్చింది. రాసింది ఆ బడి గుమాస్తా. సెలవు చీటీ రాసినట్టు మూడు ముక్కల్లో తేల్చేశాడు. జ్వరం వచ్చిందట, నాలుగు రోజులు పడుకున్నారట, ఆదివారం పొద్దున పోయారట. కార్డు నాకు చేరేసరికి అన్నీ ముగిసి వారం దాటింది. కడపలో మా వరండాలో నిలబడి దాన్ని రెండుసార్లు చదివాను. చదివి జేబులో పెట్టుకుని బడికి వెళ్లాను, మూడు పీరియడ్లు పాఠం కూడా చెప్పాను. సాయంత్రం చొక్కా విప్పుతుంటే కార్డు కింద పడింది. మా ఆవిడ తీసి చదివి, పొద్దుననగా వచ్చిన కబురు ఇప్పటిదాకా చెప్పలేదేమని అడిగింది. ఏమని చెప్పను? ఆ మనిషికి చెప్పాల్సిన మాటే చెప్పకుండా ఎగ్గొట్టినవాణ్ని.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచి రాయడం మర్యాద. అది రాస్తాను. కానీ ఆయన మంచితనం రాయాలంటే దాని పక్కనే నా నీచబుద్ధి కూడా రాయక తప్పదు. రెండూ ఒకే గదిలో జరిగాయి. ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకోవాలి. ఇప్పుడు కాగితం మీద ఆయన, వారు అని రాస్తున్నాను గానీ, మా నాన్నకన్నా పెద్దయిన ఆ మనిషిని బతికున్నన్నాళ్లూ నేను "ఏమప్పా, ఇట్ల రా" అనే పిలిచాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఆ హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. ఎక్కడ చూసినా గుడారాలు, కొత్త ముఖాలు, అద్దె ఇళ్ల కోసం తిప్పలు. మాకు ఇల్లు వెతికిపెట్టింది ఆయనే. మేము ట్రంకు పెట్టెలతో బండి దిగగానే, కుశల ప్రశ్నలకన్నా ముందు ఒక జాగ్రత్త చెప్పారు. "సారూ, చెమట పట్టినాంక బొత్తాలు విప్పితే ఏం లాభం లేదు. పట్టకముందే విప్పాల." కర్నూలు ఎండకు చెప్పే మాటలా అది నాకు తోచలేదు. అది ఎండకు చెప్పే మాట కానే కాదని, మంచుకు చెప్పే మాట అని, చెమటకు తడిసిన బట్ట ఆ చలికి ఒంటిమీదే గడ్డకడుతుందని నెల తిరగకముందే తెలిసింది.

ఆయనది ఓర్వకల్లు దగ్గర బండల మధ్య చిన్న పల్లె. చిన్నతనంలో మిషను బంగళాలో వంట నేర్చుకుని, ఒక దొర వెంట ఉత్తరాదికి వెళ్లారు. ఆ దొర ఇంగ్లండుకు తిరిగిపోతూ ఈయన్ను కాశ్మీరంలో ఒక కొండమీది హోటల్లో పనికి పెట్టించాడు. చలికాలంలో తెల్లవాళ్లు కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచువాలు మీద జారడానికి వచ్చే హోటలు. అక్కడ పదకొండు చలికాలాలు గడిపారు. దేశం రెండైన ఏడు ఆ కొండల్లో గొడవలు రేగి హోటలు మూతపడితే ఊరికి తిరిగొచ్చారు. పాదిరిగారి మాట సాయంతో మా బడిలో అటెండరు అయ్యారు.

మధ్యాహ్నం అన్నాల వేళ పిల్లలు ఆయన చుట్టూ చేరేవారు. ఊరికే కథ చెప్పడం ఆయనకు చేతకాదు, చేయించేవారు. ఒకరోజు కిటికీలోంచి చూస్తే ఆటస్థలంలో పిల్లలంతా ఒక వరసలో నిలబడి, ముఖాలు తూర్పుకు పెట్టి, ఉత్తరానికి పక్క అడుగులు వేస్తున్నారు. దుమ్ము మోకాళ్లదాకా లేస్తోంది. ఇదేం పిచ్చి అని బయటికి వెళ్లాను. కొత్తగా పడిన మంచు దూదిలా ఉంటుందట, దాని మీద చెక్కలు దిగబడిపోతాయట. అందుకని తెల్లవాళ్లు లేవకముందే పనివాళ్లంతా వరస కట్టి వాలు మొత్తం అడుగు పక్క అడుగు వేసి తొక్కి గట్టిచేయాలట. "ఇల్లు కట్టేటప్పుడు మట్టి తొక్కుతాము చూడండి సారూ, అట్ల. కాకపోతే ఇది తెల్లమట్టి" అన్నారు. నేనూ నవ్వి, మాస్టర్లెవరూ చూడటం లేదని రెండు అడుగులు వేశాను. ఆ రెండడుగులు ఆయన చాలా రోజులు తలుచుకుని సంబరపడేవారు.

హోటలుకు కొత్తగా వచ్చినవాళ్లను మొదటి సాయంత్రం పొయ్యి ముందు కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పడం కూడా ఆయన పనే. ఆ జాగ్రత్తలు మా పిల్లలకు ఎక్కాల్లా వచ్చేవి. దాహమైతే మంచు తినకూడదు, ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. ముందు నడిచినవాడి అడుగులోనే అడుగు వేయాలి. మేజోళ్ల జత ఒకటి చొక్కా లోపల, ఒంటికి తగిలేట్టు దాచుకోవాలి. కళ్ల కింద మసి పూసుకుంటే తెల్లటి వెలుగుకు కళ్లు పోవు. చెవులు మొద్దుబారితే రుద్దకూడదు, నిప్పు దగ్గర పెట్టకూడదు, అరచేతులతో ఊరికే మూసి ఉంచాలి. చెట్టు నీడే దొరకని ఊళ్లో, మార్చి నెల ఎండలో, అరవై మంది పిల్లలు చెవులు మూసుకుని కూర్చున్న దృశ్యం నేను కళ్లారా చూశాను.

ఆయన అలవాట్లు కొన్ని నాకు చిరాకు తెప్పించేవి. ల్యాబు గడప దగ్గర చీపురుతో చెప్పులు మూడుసార్లు కొట్టిగానీ లోపలికి వచ్చేవారు కాదు. మంచు దులిపే అలవాటట, అది సరే. కానీ తోటపనికి వాడే పారను రోజూ సాయంత్రం ల్యాబు లోపలికి తెచ్చి తలుపు వెనక నిలబెట్టి తాళం వేసేవారు. గాజుసామాను మధ్య మట్టిపార ఏమిటని రెండుసార్లు కేకలేశాను. "బయట పెడితే పొద్దున తలుపు తీసేదానికి దేంతో తవ్వాల సారూ" అన్నారు. వెంటనే తానున్నది కర్నూలని గుర్తొచ్చి తల గోక్కున్నారు. అయినా మర్నాడు పార మళ్లీ తలుపు వెనకే ఉంది. పదకొండు ఏళ్లు ప్రాణం కాపాడిన అలవాటు నా కేకలకు పోతుందా?

ఇక ఆ రోజు సంగతి. మంచుగడ్డ కరగడం గురించి పాఠం. ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో చుట్టిన గడ్డను ఆయనే గోనెసంచిలో మోసుకొచ్చారు. క్లాసు నిండా పిల్లలు. వాళ్లను చూసి హెడ్మాస్టరుగారు కూడా వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. నేను మంచి ఊపులో ఉన్నాను. గడ్డను పగలగొట్టి గాజుపాత్రలో వేస్తుంటే ఆయన పక్కనుంచి పిల్లలతో అన్నారు, ఇది గడ్డ కాబట్టి సరిపోయింది గానీ, కొండమీద పడే పొడిమంచునైతే వట్టి గిన్నెలో పొయ్యి మీద పెట్టకూడదని, ముందు రెండు గుక్కల నీళ్లు పోసుకోవాలని, లేకపోతే గిన్నె మాడిపోతుందని.

అడక్కుండా అటెండరు పాఠంలో వేలు పెట్టాడు, అదీ హెడ్మాస్టరు ముందు. నాకు అహం నెత్తికెక్కింది. "మంచంటే నీళ్లేనప్పా. నీళ్లు మాడతాయా?" అన్నాను. క్లాసు గొల్లుమంది. అంతటితో ఆగినా బాగుండేది. ఆయన చేతనే గాజుపాత్ర దీపం మీద పెట్టించాను. గడ్డ కరిగింది, నీళ్లు అయింది. పాత్రను ఎత్తి ఆయన ముఖం ముందు పట్టి, మాడిన మచ్చ ఎక్కడుందో పిల్లలకు చూపించమన్నాను.

"గడ్డ వేరు, మంచు వేరు సారూ" అన్నారు మెల్లగా.

"శాస్త్రంలో రెండూ ఒకటే. వంటింట్లో వేరేమో" అన్నాను. హెడ్మాస్టరుగారు కూడా నవ్వారు. ఆయన గాజుపాత్ర నా చేతిలోంచి తీసుకుని, కడిగి, తుడిచి, బోర్లించి, గోనెసంచి మడుచుకుని వెళ్లిపోయారు. పాలు కాచే ప్రతి ఇల్లాలూ గిన్నెలో ముందు కాసిని నీళ్లు పోస్తుంది. ఆ మాత్రం కూడా ఆ క్షణాన నా శాస్త్రానికి తట్టలేదు. ఇప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని అడుక్కుంటే ఇంకో మాట కూడా పైకొస్తుంది. అదే మాట మా చిన్నాన్నో, సాటి మాస్టరో అని ఉంటే, అలాగా అని ఆగి ఆలోచించేవాణ్ని. మా వరండా దాటి లోపలికి అడుగుపెట్టని మనిషి అన్నాడు కాబట్టి అబద్ధమైంది.

మర్నాటికి పిల్లలు ఆయనకు మాడుమంచు అని పేరు పెట్టారు. వారానికి ఆ పేరు బడి దాటింది. ఓర్వకల్లు వైపు నుంచి వచ్చి చదువుకునే పిల్లలు దాన్ని ఆయన పల్లెదాకా మోసుకుపోయారు. నేను ఒక్కణ్ని కూడా కసరలేదు. నిజం చెప్పాలంటే ఆ పేరు విన్నప్పుడల్లా కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఆయన మాత్రం ఆ తర్వాత మంచు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అన్నాల వేళ ల్యాబు గడప మీద ఒక్కరే కూర్చుని సద్ది తినేవారు. పార మాత్రం తలుపు వెనకే ఉండేది.

రెండేళ్లు గడిచాక సైన్సు మాస్టర్లకు ఢిల్లీలో శిక్షణ అని నన్ను పంపారు. అది అయ్యాక సిమ్లా చూపించి, ఆపైన ఇంకో కొండకు తీసుకెళ్లారు. అక్కడ కూడా చెక్కలు కట్టుకుని జారుతున్నారు. వాలు మీద పనివాళ్లు వరసగా నిలబడి పక్క అడుగులు వేస్తూ మంచు తొక్కుతున్నారు. అది చూడగానే మా ఆటస్థలంలో లేచిన దుమ్ము గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నమే మంచు మొదలై దారి మూసుకుపోయింది. మేము నలుగురం తెలుగు మాస్టర్లం ఒక విడిది ఇంట్లో ఇరుక్కుపోయాం. విడిది కాపలావాడు తలుపు వేసే ముందు చేసిన ఆఖరి పని ఏమిటో తెలుసా? బయటున్న చెక్కపారను లోపలికి తెచ్చి తలుపు వెనక నిలబెట్టాడు. పొద్దున తలుపు లోపలికి లాగితే నడుము ఎత్తున మంచుగోడ. ఆ పారతోనే మేం బయటపడ్డాం.

కొళాయిలో నీళ్లు గడ్డకట్టాయి. ఉత్తరాది రొట్టెలు నాకు పడవని మా ఆవిడ ఇత్తడి గిన్నె, బియ్యం, చింతపండు కట్టి పంపింది. లోపల తళతళలాడే కొత్త తగరపు కళాయి వేయించి మరీ ఇచ్చింది. నీళ్లకేం కరువు, ఊరంతా నీళ్లే కదా అని మిగతా ముగ్గురి ముందు గొప్పగా అని, గిన్నె నిండా పొడిమంచు దట్టించి బొగ్గుల పొయ్యి మీద పెట్టాను. కాసేపటికి మాడు వాసన. పొడిమంచు దూదిలా పీల్చుకుంటుంది. అడుగున కరిగిన నాలుగు చుక్కలు పైమంచులోకి పోయాయి, గిన్నె అడుగు వట్టిదే మిగిలింది. కిందికి దించి చూస్తే పైన మంచు మంచులాగే ఉంది, అడుగున కళాయి కరిగి ముద్దలు కట్టింది, ఇత్తడి నల్లబడింది. మిగతా వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చెవులు మొద్దుబారి ఉన్నాయి. అరచేతులతో మూసుకుని ఒక మూల కూర్చున్నాను. ఊరికి వెళ్లగానే అదే క్లాసులో, అదే పిల్లల ముందు నిజం చెప్పి, ఆయనకు దండం పెడదామనుకున్నాను. అప్పుడు నిజంగానే అనుకున్నాను.

కర్నూలు చేరిన రోజు మాస్టర్ల గదిలో అందరూ ఉన్నారు. తెలుగు పండితుడు నన్ను చూడగానే మంచు మాడిందా అని ఎకసెక్కం ఆడాడు. అందరూ నవ్వారు. ఆయన అప్పుడే నీళ్ల కూజా పట్టుకుని లోపలికి వస్తున్నారు. ఆ నవ్వు విని కూడా ఆగలేదు. కూజా బల్ల మీద పెట్టి, నా దగ్గరికి వచ్చి, నా ముఖం కేసి చూసి అడిగారు.

"చెవులు బాగుండాయి కదా సారూ?"

రెండేళ్ల తర్వాత ఆయన నా ఎదుట మంచు ఊసు ఎత్తడం అదే మొదలు. నిలదీయడానికి కాదు, నా చెవుల కోసం. ఒక్క మాట చాలు. నా గిన్నె మాడింది, నువ్వు చెప్పిందే నిజం అంటే చాలు. గదిలో పదిమంది ఉన్నారు, నా పరువు ఉంది. "మంచు దగ్గరికి పోలేదులే అప్పా. దూరం నుంచి చూసినాము" అన్నాను.

"మేలు సారూ. జాగ్రత్తగా వచ్చినారు, అంతే చాలు" అని బల్ల మీదున్న పాత ఖాళీ కూజా తీసుకుని వెళ్లిపోయారు.

ఆయన్ను మొదటిసారి అవమానించినప్పుడు నాకు తెలియదు. తెలియనితనానికి ఎవరైనా క్షమిస్తారు. ఈసారి తెలిసే చేశాను.

వారం తర్వాత ఒక సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ కొత్తగా మెరుస్తున్న ఇత్తడి గిన్నె చూపించింది. పాడైన గిన్నెను నేను సామాన్ల వెనక దాచి ఉంచితే, తనకు దొరికి, కళాయి వేయించుకు రమ్మని ఆయన చేతికే ఇచ్చిందట. ఆయన వరండాలో నిలబడి గిన్నె లోపలికి చాలాసేపు చూశారట. రెండు రోజులకు పాతబస్తీలో కళాయి సాయిబు దగ్గర వేయించి తెచ్చి ఇస్తూ, "అమ్మా, దీన్ని వట్టిగా పొయ్యి మీద పెట్టొద్దండి. ముందర రెండు గుక్కల నీళ్లు పోయాల" అన్నారట. తానెప్పుడూ అలా పెట్టలేదని, నేనే ఎక్కడో అలా పెట్టుకొచ్చానని మా ఆవిడ అందట. తెలుసమ్మా అని నవ్వి వెళ్లారట.

ఆ తర్వాత నాలుగు నెలలు ఒకే గదిలో పనిచేశాం. ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. పొద్దున ల్యాబులోకి వెళ్లకుండా గంట కొట్టేదాకా బయటే తిరిగేవాణ్ని. ఆయన ఎవరితోనైనా ఒక్క ముక్క అని ఉంటే, నా ముఖాన ఒక్క చూపు చూసి ఉంటే, నాకు కోపమైనా వచ్చేది. ఎప్పటిలాగే గాజుసామాను కడిగారు, ఎప్పటిలాగే నా కుర్చీ తుడిచారు. కడపకు బదిలీ ఉత్తర్వు రాగానే నేను లోపల్లోపల సంతోషించాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, సంతోషించాను.

వెళ్లే రోజు మా ట్రంకు పెట్టెలకు తాడు కట్టింది ఆయనే. మంచుకొండల్లో నేర్చిన ముడేదో వేశారు. ఇప్పుడైనా చెబుదామని నోరు తెరిచి, ముడి గట్టిదేనా అని అడిగాను. "గట్టిదే సారూ. మ..." అని ఆగారు. తాడు బిగించి, "వానకు తడిసినా జారదు" అన్నారు. నా ముందు మంచు అనే మాట కూడా ఆయన మింగేశారు.

కార్డు వచ్చిన తర్వాతి ఆదివారం బస్సెక్కి ఓర్వకల్లులో దిగి, ఆయన పల్లెకు నడిచాను. ఇల్లు చిన్నది. ఆయన భార్య అరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు వలుస్తోంది. నేనెవరో చెబితే లేచి, చేతులు తుడుచుకుని, మంచం వాల్చింది. ఎలా పోయిందీ చెప్పింది. చివరి రోజు జ్వరంలో ఏవో తాళ్లు, తలుపులు అని పలవరించారట. నేను తెచ్చిన పళ్లు పక్కన పెట్టి, మళ్లీ వేరుశెనక్కాయలు చేతిలోకి తీసుకుంది.

"సారూ, ఒకటి అడుగుతా. తప్పుగా అనుకోవాకండి. మీరు పెద్ద సదువు సదివినోళ్లు. ఆ మంచు కొండలకు మీరూ పోయొస్తిరంట. ఆయప్ప చెప్తాండిందంతా నిజమేనా?"

నేను నోరు తెరిచేలోగా ఆమే మళ్లీ అంది. "నేను ఈడ్నే ఉంటి, చూడలేదు కదా. మొదట్ల నమ్ముతాంటి. బళ్లో సారే కాదన్న్యాడని పిల్లోళ్లు వచ్చి ఊరంతా చెప్పిరి. అప్పట్నుంచి నాకూ నమ్మకం పాయ. పార తలుపెనక పెట్టుకోని పండుకుంటాండె. నేను నవ్వుతాంటి. ఆయప్ప పోయినాంక తీసి కొట్టంలో పారేస్తి."

బళ్లో నేను అన్న ఒక్క మాట ఇంత దూరం నడిచొచ్చి, ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య కూర్చుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ సారును నేనేనని చెప్పాను. గాజుపాత్ర సంగతి, గిన్నె మాడిన సంగతి, చెవుల సంగతి, దూరం నుంచి చూశానని ఆడిన అబద్ధం, ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమని, పార సంగతి కూడా నిజమేనని, ఆ పారే లేకపోతే మేం ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేవాళ్లం కాదని చెప్పాను. ఆమె వలుస్తున్న కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఈ మాట ఆయప్పతో అంటిరా సారూ?"

"లేదమ్మా."

ఆమె తిట్టలేదు. తిడుతుందని, తిడితే బాగుండునని చూశాను. "చెప్పింటే బాగుండు" అంది. "నేనన్నా నవ్వకుండ ఇనింటి."

ఇది రాస్తున్నది అందుకే. ఆ క్లాసులో కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో. వారిలో ఎవరైనా చదివితే, ఆ రోజు తప్పు చెప్పింది మీ సైన్సు మాస్టరు. మంచు మాడదు గానీ గిన్నె మాడుతుంది. మీకు నిజం చెప్పింది గడప మీద ఒక్కరే కూర్చుని సద్ది తిన్న ఆయన.

పొద్దు వాలుతుంటే సెలవు తీసుకుని బయల్దేరాను. బండల మధ్య దారి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆమె కొట్టంలోంచి బయటికి వస్తోంది, చేతిలో పార ఉంది. గడప దగ్గర ఆగి, పారకు అంటిన మట్టిని చీపురుతో మూడుసార్లు కొట్టింది. తల ఎత్తి ఒకసారి ఆకాశం కేసి చూసింది. రెండేళ్లుగా సరిగ్గా వాన పడని ఊరు, మబ్బుతునక కూడా లేదు. పారను లోపలికి తీసుకెళ్లి తలుపు వెనక నిలబెట్టి, తలుపు వేసుకుంది.